పెళ్లి తేదీకీ ఆపరేషన్ తేదీకీ ముడి వేయొద్దు

అనంతపురం నుంచి ఇరవై ఆరేళ్ల అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. రెండు వైపులా రాసిన ఏడు కాగితాలు. ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేసి, సారాంశం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

డిగ్రీ రెండో ఏడాదిలో ఆమెకు రక్త విరేచనాలు మొదలయ్యాయి. మొదట అమీబియాసిస్ అన్నారు, తర్వాత మొలలన్నారు. పథ్యాలు, ఆకుపసర్లు అన్నీ అయ్యాక కొలనోస్కోపీ చేస్తే అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు అని తేలింది. ఆరేళ్లు మెసలమిన్ మాత్రలు, అజాథయోప్రిన్, జబ్బు తిరగబెట్టినప్పుడల్లా స్టెరాయిడ్లు. స్టెరాయిడ్లతో మొహం ఉబ్బితే వీధిలో వాళ్లు "ఒళ్లు చేసినావే" అనేవాళ్లట. ఈలోగా గ్రామ సచివాలయంలో ఉద్యోగం వచ్చింది. పోయిన ఏడాది జబ్బు ఒక్కసారిగా ముదిరి, రోజుకు ఇరవై సార్లు రక్తం పోతుంటే బెంగళూరులో చేర్చారు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు ఎక్కించినా లొంగలేదు. ప్రాణం మీదకు వచ్చేసరికి పెద్దపేగు తీసేశారు. చిన్నపేగు చివరను కడుపు మీదకు తెచ్చి సంచి తగిలించారు. మలద్వారానికి పైన ఉండే పురీషనాళం మాత్రం లోపలే ఉంచారు.

తొమ్మిది నెలలు గడిచాయి. అప్పుడు ఏడు ఉన్న హిమోగ్లోబిన్ ఇప్పుడు పన్నెండు. మళ్లీ డ్యూటీకి వెళ్తోంది. "ఆరేళ్లలో మొదటిసారి పొద్దున్నే ఉగ్గాని తిని, బాత్రూమ్ ఎక్కడుందో చూసుకోకుండా బస్సెక్కినాను మేడమ్" అని రాసింది. ఎండాకాలం వస్తే సంచి అంటించిన చోట చెమటకు ఊడిపోతోంది, అది ఒక్కటే బాధ అంటోంది.

ఇప్పుడు రెండు విషయాలు ఒకేసారి వచ్చి పడ్డాయి. మేనమామ వైపు నుంచి తాడిపత్రి సంబంధం ఒకటి వచ్చింది. ఆపరేషన్ సంగతి వాళ్లకు చెప్పలేదు. శ్రావణంలో ముహూర్తం పెట్టుకుందాం, ఆలోగా సంచి తీయించేద్దాం అని వాళ్ల అమ్మ పట్టుదల. సర్జన్ దగ్గరికి వెళ్తే, చిన్నపేగుతో లోపలే పౌచ్, అంటే తిత్తి లాంటిది కట్టి మలద్వారానికి కలపొచ్చన్నారు. పౌచ్ ఆపరేషన్లను మెరుగుపరచడానికి తాము పరిశోధన చేస్తున్నామనీ, ఇష్టమైతే అందులో చేరొచ్చనీ ఎనిమిది పేజీల ఇంగ్లీషు కాగితం చేతికిచ్చారు. "నా బిడ్డ మీద ప్రయోగాలా? అదేమన్నా ఎలుకనా?" అని వాళ్ల నాయన ఆ కాగితం చించబోయాడు. "సంచి పోతుందంటే ఏ కాగితం మీదైనా సంతకం పెట్టు" అంది వాళ్ల అమ్మ. "మా అవ్వ ఒక్కతే నన్ను అడిగింది, నీకేం కావాలే అని. నాకు జవాబు రాలేదు. మీరే చెప్పండి: పౌచ్ చేయించుకోవాలా, పరిశోధనలో చేరాలా, వాళ్లకు చెప్పాలా?"

అమ్మా,

మా చిన్నమ్మాయి వయసు నీది. అందుకని నువ్వు అనే పిలుస్తాను. నేను సర్జన్‌ని కాను. కర్నూలులో ముప్పై ఏళ్లు మామూలు జబ్బులు చూసిన డాక్టర్‌ని. నీ రిపోర్టులు చూసి, నీ కడుపు చేత్తో తాకిన సర్జన్ మాటకు నా మాట బదులు కాదు. కానీ నీ ఉత్తరం రెండుసార్లు చదివాక ఒకటి గట్టిగా చెప్పాలనిపించింది. మీ ఇంట్లో మూడు వేరు వేరు ప్రశ్నలను ఒకే తాడుతో కట్టేశారు. ముందు ఆ తాడు విప్పుదాం.

శ్రావణం లెక్క తీసుకో. పౌచ్ ఆపరేషన్ అంటే ఒక్కసారి బల్ల ఎక్కి దిగేది కాదు. పెద్దపేగు తీయడంతో నీకు మొదటి మెట్టు అయిపోయింది. రెండో మెట్టులో పురీషనాళం తీసి, చిన్నపేగు చివరి భాగాన్ని మడిచి సంచిలా కుట్టి, మలద్వారానికి కలుపుతారు. ఆ కుట్లు మానేదాకా మలం అటు పోకుండా, చాలామందికి పైన ఇంకొక చోట పేగును తాత్కాలికంగా బయటికి తెస్తారు. అంటే మళ్లీ సంచే. రెండు మూడు నెలల తర్వాత లోపల ఎక్కడా కారడం లేదని పరీక్ష చేసి చూసి, మూడో మెట్టులో దాన్ని మూసేస్తారు. అక్కణ్ణుంచి కొత్త పౌచ్ సాగి, శరీరం దానికి అలవాటు పడడానికి చాలా నెలలు, కొందరికి ఏడాది దాకా పడుతుంది. మొదటి వారాల్లో రోజుకు పది పన్నెండు సార్లు పోవడం, చర్మం మండడం మామూలే. ఇప్పుడు మొదలుపెడితే శ్రావణానికి నువ్వు సంచితోనే ఉంటావు, లేదా అంతకన్నా ఇబ్బందికరమైన దశలో ఉంటావు. మీ అమ్మ అనుకున్న లెక్క ఎటు చూసినా కుదరదు. ఇది ఆమెకు డాక్టర్ నోటితోనే వినిపించు. నీ నోటితో చెప్తే వాదన అనుకుంటుంది.

ఇక పౌచ్ సంగతి. నువ్వు భయపడినంత చెడ్డదీ కాదు, మీ అమ్మ ఆశపడినంత మాయా కాదు. ఇది ఎలా పుట్టిందో తెలిస్తే నీకు ఇచ్చిన ఆ ఎనిమిది పేజీలు కూడా అర్థమవుతాయి. అందుకే కొంచెం విడమరిచి చెప్తాను.

ఒకప్పుడు ఈ జబ్బుకు పెద్దపేగంతా తీసేస్తే బతికినన్నాళ్లూ సంచే. 1947లో అమెరికాలో రావిచ్, సబిస్టన్ అనే సర్జన్లు చిన్నపేగును నేరుగా మలద్వారానికి కలిపి చూశారు. నిలవ ఉండే చోటు లేదు కాబట్టి మనిషి రోజంతా పరుగులే. 1969లో స్వీడన్‌కు చెందిన నిల్స్ కాక్, పేగుతోనే కడుపులో ఒక తిత్తి కట్టి, గొట్టం పెట్టి ఖాళీ చేసుకునే ఏర్పాటు చేశాడు. ఈ రెండు ఆలోచనలూ కలిసింది 1978లో. లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆస్పత్రిలో అలన్ పార్క్స్, జాన్ నికల్స్ పేగును మూడు మడతలుగా కుట్టి తిత్తి చేసి, దాన్ని మలద్వారానికి కలిపారు. అందులోనూ లోపం ఉంది. తిత్తి కింది మూతి పొడవుగా ఉండడంతో చాలామంది గొట్టం పెట్టుకుంటే తప్ప ఖాళీ అయ్యేది కాదు. 1980లో జపాన్ సర్జన్ ఉత్సునోమియా రెండే మడతలతో, ఇంగ్లీషు జె అక్షరం ఆకారంలో కట్టాడు. మూతి పొడవు సమస్య పోయింది. ఇవాళ నీకు కడతామంటున్నది దాదాపు ఖాయంగా ఆ జె పౌచే.

చూడు, ఒక్కో అడుగు వెనక, అంతకు ముందు వేసిన అడుగులో ఇబ్బంది పడిన మనుషులున్నారు. వాళ్లు తమ కష్టం దాచకుండా చెప్పారు కాబట్టే తర్వాతి సర్జన్ మడత మార్చాడు. మీ నాయన 'ప్రయోగం' అన్న మాటకు నా మొదటి జవాబు ఇదే. నీకు ఇస్తామంటున్న ఈ ఆపరేషన్ కూడా నీకంటే ముందు ఎవరో సంతకం పెట్టడం వల్ల వచ్చిందే. అలాగని నువ్వూ పెట్టితీరాలని నేననడం లేదు. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

అంతా బాగా కుదిరిన పౌచ్‌తో జీవితం ఎలా ఉంటుంది? రోజుకు అయిదారు సార్లు, రాత్రి ఒకసారి లేవాల్సి రావచ్చు. మలం గట్టిగా ఉండదు, జావలా ఉంటుంది. కానీ కొలైటిస్‌లో పడిన ఆ పరుగు ఉండదు, చాలామంది కాసేపు ఆపుకోగలరు. నువ్వు ఎక్కే బస్సులో గంట ప్రయాణం చేయొచ్చు. మీ సచివాలయంలో శుభ్రమైన బాత్రూమ్, నీళ్లు ఉన్నాయా అన్నది మాత్రం నీ జీవితంలో పెద్ద విషయమైపోతుంది. నవ్వులాట కాదు, నిర్ణయానికి ముందు వెళ్లి చూసుకో.

బాగా కుదరకపోతే? మొదటి గండం కుట్టు దగ్గర కారడం. పొత్తికడుపు లోపల చీము పడితే, అది మానాక కూడా పౌచ్ బిగుసుకుపోయి జీవితాంతం పని సరిగ్గా చేయకపోవచ్చు. రెండోది పౌచైటిస్, అంటే కట్టిన పౌచే వాయడం. కొలైటిస్ ఉన్నవాళ్లలో ఏళ్లు గడిచేకొద్దీ దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఎక్కువమందికి సిప్రోఫ్లాక్సాసిన్, మెట్రోనిడజోల్ లాంటి యాంటీబయాటిక్స్‌తో రెండు వారాల్లో తగ్గుతుంది. కొద్దిమందికి వదలకుండా పట్టుకుంటుంది. మొత్తం మీద పదేళ్లలో నూటికి అయిదు నుంచి పది మందికి పౌచ్ విఫలమై మళ్లీ సంచికే రావాల్సి వస్తుంది. అంటే తొంభై మందికి పైగా దాంతోనే ఉంటారు. రెండు అంకెలూ గుర్తుపెట్టుకో. మీ అమ్మకు ఒకటి, మీ నాయనకు ఒకటి చెప్పకు, ఇద్దరికీ రెండూ చెప్పు.

ఒక విషయం నీ ఉత్తరంలో లేదు, బహుశా అడగడానికి మొహమాటపడి ఉంటావు. పిల్లలు. పెద్దపేగు మాత్రమే తీసిన ఆపరేషన్, అంటే నీకు ఇప్పటికి జరిగింది, గర్భం రావడానికి పెద్దగా అడ్డు కాదు. సంచితో ఉండి పిల్లల్ని కన్నవాళ్లు చాలామంది. పౌచ్ ఆపరేషన్ అలా కాదు. పురీషనాళం తీయడానికి గర్భసంచి వెనక పొత్తికడుపు అడుగుదాకా వెళ్లాలి. అక్కడ మానేటప్పుడు పడే అతుకులు గర్భనాళాలను ముడుచుకుపోయేలా చేస్తాయి. కడుపు పెద్దగా కోసి చేసే రోజుల్లో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2006లో లెక్క వేస్తే, గర్భం రావడంలో ఇబ్బంది ఆపరేషన్‌కు ముందు నూటికి 15 మందికి ఉంటే, తర్వాత 48 మందికి ఉంది. చిన్న రంధ్రాల ద్వారా, అంటే లాప్రోస్కోపీతో చేసినప్పుడు ఈ నష్టం బాగా తగ్గుతోందని తర్వాతి అధ్యయనాలు చూపించాయి. అవసరమైతే ఐవీఎఫ్ మార్గం కూడా ఉంది. అయినా పెళ్లి కోసం తొందరపడి చేయించుకునే ఆపరేషన్, పెళ్లి తర్వాత అందరూ అడిగే మొదటి ప్రశ్న దగ్గరే నిన్ను ఇబ్బంది పెట్టొచ్చని మీ అమ్మకు తెలియాలి. అలాగే అక్కడి నరాలకు దెబ్బ తగిలితే, లేదా అతుకుల వల్ల, దాంపత్యంలో నొప్పి రావచ్చు. సర్జన్ మగవాడైతే అడగడానికి నీకు సిగ్గనిపించొచ్చు. కాగితం మీద రాసి ఇవ్వు. చదివి జవాబు చెప్తాడు.

అందుకని నీ ముందు ఉన్న దారులు నాకు కనిపించినంత వరకు ఇవి.

మొదటిది, ఇప్పుడే పౌచ్ మొదలుపెట్టడం. వయసు, ఆరోగ్యం బాగున్నాయి, ఉద్యోగంలో సెలవు దొరుకుతుంది, నాన్న అమ్మ తోడున్నారు. సంచి నీ మనసుకు నిజంగా భారంగా ఉంటే ఇది తప్పు నిర్ణయమేమీ కాదు. రెండు ఆపరేషన్లు, ఏడాది ఓపిక, పైన చెప్పిన గండాలు. చేస్తే లాప్రోస్కోపీలో, ఈ ఆపరేషన్ తరచూ చేసే చోట. ఎక్కువ చేసే కేంద్రాల్లో ఫలితాలు మెరుగ్గా ఉంటాయన్నది ఈ రంగంలో పదే పదే తేలిన విషయం. మీ సర్జన్‌ని సూటిగా అడుగు: ఏడాదికి ఎన్ని పౌచ్‌లు కడతారు, అందులో ఎంతమందికి కుట్టు కారింది, అప్పుడు ఏం చేశారు? మంచి సర్జన్ ఈ ప్రశ్నకు నొచ్చుకోడు. నాకు తెలిసిన మంచివాళ్లు ఇలా అడిగిన పేషెంట్‌ను ఇంకాస్త గౌరవంగా చూస్తారు.

రెండోది, ఆగడం. సంచితోనే కొన్నేళ్లు ఉండి, పెళ్లి, పిల్లలు అయ్యాక పౌచ్ సంగతి చూసుకోవడం. చాలా దేశాల్లో నీ వయసు ఆడవాళ్ల ముందు సర్జన్లు పెట్టే దారి ఇది. ఆగినందువల్ల పౌచ్ అవకాశం చేజారిపోదు. అయితే లోపల మిగిలిన పురీషనాళానికి ఇంకా కొలైటిస్ ఉంది. దాన్నుంచి రక్తం, జిగురు రావచ్చు. ఏళ్లు గడిచేకొద్దీ క్యాన్సర్ భయమూ ఉంటుంది. నీ జబ్బుకు ఏడేళ్లు నిండుతున్నాయి. ఎనిమిదేళ్ల తర్వాత క్రమం తప్పకుండా స్కోప్‌తో చూడాలన్నది మామూలుగా పాటించే పద్ధతి. సంచి బాగుంది కదా అని డాక్టర్ మొహం చూడడం మానేస్తే ఈ దారి ప్రమాదకరం.

మూడోది, సంచినే శాశ్వతం చేసుకుని పురీషనాళం తీయించేయడం. పౌచైటిస్ గొడవ ఉండదు, పరుగు ఉండదు. కానీ వెనక్కి రాలేని దారి, పైగా పొత్తికడుపు అడుగున కత్తి పెట్టక తప్పదు. ఇరవై ఆరేళ్లకు తొందరపడి తీసుకోవలసిన నిర్ణయం కాదు. అలాగని ఓడిపోయినవాళ్ల దారీ కాదు. పురీషనాళంలో జబ్బు బాగా చల్లబడి ఉంటే చిన్నపేగును దానికే కలపడం అనే దారి కూడా కొందరికి ఉంటుంది. నీకు సరిపోతుందో లేదో స్కోప్ చూశాకే చెప్పగలరు. ఒక్కసారి అడిగి ఉంచుకో.

రెండో అభిప్రాయం తీసుకోవడం మీ సర్జన్‌కు అవమానం కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో, వెల్లూరు సీఎంసీలో ఈ పేగుల సర్జరీ విభాగాలున్నాయి. మీ ఊరి నుంచి రెండూ ఒక రాత్రి ప్రయాణం. ఆపరేషన్ నోట్స్, బయాప్సీ రిపోర్టు తీసుకెళ్లు. నీకు వచ్చింది కొలైటిస్సే, పేగుల్లో ఎక్కడైనా రాగల క్రోన్స్ అనే జబ్బు కాదు అని బయాప్సీ మళ్లీ చూసి నిర్ధారించమని అడుగు. క్రోన్స్ అయితే పౌచ్ విఫలమయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఖర్చు, హెల్త్ కార్డు సంగతి బెంగళూరు ఆస్పత్రిలో ముందే రాతపూర్వకంగా తేల్చుకో. ఒక్కో మెట్టుకు వేరుగా అనుమతి కావాలంటారు.

ఇప్పుడు ఆ ఎనిమిది పేజీలు.

వాటి గురించి ఇంత రాసి, అసలు విషయం ఒకటి రాయలేదు నువ్వు. ఇంగ్లీషులో ఉండడం వల్ల తెలియలేదనుకుంటాను. ఆ పరిశోధన చూసి రాసుకునేదా, చీటీ వేసేదా? రెండింటికీ చాలా తేడా ఉంది. మొదటి రకంలో మీ సర్జన్ నీకు మామూలుగా ఏ ఆపరేషన్ చేయాలో అదే చేస్తారు. తర్వాత కొన్నేళ్ల పాటు నువ్వు ఎలా ఉన్నావో అడిగి నమోదు చేసుకుంటారు. ఇందులో నీ శరీరానికి కొత్తగా ఏ నష్టమూ లేదు, ఫారాలు నింపే ఓపిక, వివరాలు గోప్యంగా ఉంచుతారన్న నమ్మకం ఉంటే చాలు. రెండో రకంలో రెండు పద్ధతుల్ని పోల్చడానికి, నీకు ఏది చేయాలో కంప్యూటర్ చీటీ వేసినట్టు తేలుస్తుంది. రెండింట్లో ఏది మెరుగో ఎవరికీ తెలియనప్పుడే అలా చీటీ వేయడం న్యాయం. కాబట్టి అడగాల్సిన ప్రశ్న: "నేను చేరకపోతే మీరు నాకు ఏ పద్ధతి ఎంచుకుంటారు? ఎందుకు?" దానికి సర్జన్ దగ్గర గట్టి కారణం ఉంటే చీటీలో చేరకపోవడమే మంచిది. "నిజంగా రెండూ ఒకటే అనిపిస్తున్నాయి" అంటే చేరడంలో నువ్వు కోల్పోయేది తక్కువ.

పౌచ్ సర్జరీలో ఇవాళ సర్జన్లు తేల్చుకోలేని ప్రశ్నలు నిజంగానే ఉన్నాయి. స్టేప్లర్‌తో కలపాలా, చేత్తో కుట్టాలా? స్టేప్లర్‌తో కలిపితే మలద్వారం పైన ఒకటి రెండు సెంటీమీటర్ల పాత పొర మిగులుతుంది. ఆపుకునే పట్టు మెరుగ్గా ఉంటుంది కానీ ఆ మిగిలిన పొరలో కొలైటిస్ మళ్లీ రావచ్చు. పైనుంచి చేయాలా, మలద్వారం వైపు నుంచి కెమెరా పెట్టి చేయాలా? కుట్టేచోట రక్తం సరిగా అందుతోందో లేదో చూడడానికి ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగుమందు ఎక్కించి, ప్రత్యేక కెమెరాలో అది మెరవడం చూస్తారు. కుట్టు కారితే ఒకప్పుడు నెలల తరబడి ఎదురుచూసేవాళ్లు. ఇప్పుడు తొందరగా కనిపెట్టి, చీము పట్టిన చోట స్పాంజి పెట్టి గాలి లాగుతూ శుభ్రం చేసి, త్వరగా మూసేస్తే పౌచ్ ఎక్కువకాలం బాగా పనిచేస్తుందా అని చూస్తున్నారు. ఇవేవీ ఎలుకల మీద తేలేవి కాదమ్మా. మనుషుల్లోనే, జాగ్రత్తగా, లెక్క రాసుకుంటూ తేల్చాలి.

మందుల వైపు ఒక ఉదాహరణ చెప్తాను, పరిశోధన ఫలితం ఎలా ఉంటుందో తెలుస్తుంది. వదలని పౌచైటిస్ ఉన్న 102 మందికి వెడొలిజుమాబ్ అనే ఇంజెక్షన్ గానీ, ఉత్త సెలైన్ లాంటిది గానీ చీటీ ప్రకారం ఇచ్చి, ఆ ఫలితాలు 2023లో ప్రచురించారు. పద్నాలుగు వారాలకు మందు తీసుకున్నవాళ్లలో నూటికి 31 మందికి జబ్బు చల్లబడింది, ఉత్తది తీసుకున్నవాళ్లలో 10 మందికి. అంటే మందు పనిచేసింది, కానీ మూడింట రెండు వంతుల మందికి సరిపోలేదు. ఇంత నిజాయితీగా తెలుసుకోవాలంటే ఆ 102 మందీ ఒప్పుకోవాల్సి వచ్చింది. పక్కవాళ్ల ఆరోగ్యవంతమైన మలం నుంచి మంచి బ్యాక్టీరియా ఎక్కించడం కూడా ఎంతో ఆశతో ప్రయత్నించారు. పౌచైటిస్‌లో అది ఆశించినంత ఫలితం ఇవ్వలేదు. అది తెలియడమూ లాభమే.

నా మనసును కదిలించిన మార్పు వేరే ఉంది. చాలా ఏళ్లు సర్జన్లు పౌచ్ బాగుందా లేదా అన్నది తమ లెక్కల్లో చూసుకున్నారు: కారిందా, తీసేయాల్సి వచ్చిందా, రోజుకు ఎన్నిసార్లు. నువ్వు బస్సెక్కగలుగుతున్నావా, రాత్రి నిద్రపోతున్నావా, భర్త పక్కన పడుకోవడానికి భయపడుతున్నావా అని ఎవరూ లెక్క పెట్టలేదు. ఈమధ్య వేరు వేరు దేశాల పేషెంట్లను, సర్జన్లను, నర్సులను కలిపి అడిగి, పౌచ్ పనితీరు చెడడం అంటే ఏమిటో కొత్తగా నిర్వచించారు. ఏడు లక్షణాలు, వాటివల్ల జీవితంలో వచ్చే ఏడు పర్యవసానాలు. రెండు జాబితాల నుంచీ కనీసం ఒక్కోటి ఉంటేనే దాన్ని జబ్బుగా గుర్తిస్తారు. లక్షణం ఉన్నా జీవితం ఆగకపోతే అది వేరు, ఆగితే వేరు అని ఒప్పుకున్నారన్నమాట. మీ ఆస్పత్రి కాగితంలో 'ఏం కొలుస్తాం' అన్న భాగం చదివించుకో. అందులో నీ జీవితం గురించిన ప్రశ్నలు ఉన్నాయా? లేకపోతే ఎందుకు లేవని అడుగు. అడిగే హక్కు నీకుంది, అలా అడిగితే ఆ పరిశోధనకూ మేలే.

మీ నాయనకు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో ఇచ్చిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం మనుషుల మీద చేసే ఏ పరిశోధననైనా ముందు నైతిక కమిటీ పరిశీలించి ఒప్పుకోవాలి. సమ్మతి పత్రం పేషెంట్‌కు అర్థమయ్యే భాషలో ఉండాలి. కాబట్టి తెలుగు కాగితం అడుగు. "మా దగ్గర కన్నడ, ఇంగ్లీషే ఉన్నాయి" అంటే తెలుగు వచ్చేదాకా సంతకం పెట్టకు. చేరకపోయినా నీ వైద్యం తగ్గకూడదు. చేరాక కూడా ఏ రోజైనా కారణం చెప్పకుండా బయటికి రావచ్చు. పరిశోధన వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఎవరు ఇస్తారో ఆ కాగితంలో రాసి ఉండాలి. కేవలం పరిశోధన కోసం చేసే పరీక్షలకు నీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. చీటీ వేసే రకమైతే సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. 2007 నుంచి ఉన్న ఆ రిజిస్ట్రీని ఎవరైనా ఉచితంగా ఫోన్‌లో చూడొచ్చు. నంబరు అడిగి తీసుకుని, మీ నాయన పక్కన కూర్చుని తెరిచి చూపించు. ఆయన కోపం భయం నుంచి వచ్చింది. బిడ్డ ప్రాణం పోతుందేమోనని ఆస్పత్రి వరండాలో రాత్రుళ్లు గడిపిన మనిషి ఆయన. కాగితం చించబోయాడని తప్పు పట్టకు.

ఇంకో మాట. చేరితే నీకు మేలు జరుగుతుందని చేరకు. నీ తర్వాత వచ్చేవాళ్లకు జరగొచ్చు, నీకు జరగకపోవచ్చు. ఆ మాట తెలిసి, అయినా సరే అనిపిస్తే చేరు. వద్దనిపిస్తే వద్దను. రెండింట్లో ఏదీ తప్పు కాదు. ఒకటి మాత్రం కలపొద్దు: పౌచ్ ఇప్పుడు వద్దనుకుంటే పరిశోధన ప్రశ్న దానంతటదే ఆగిపోతుంది. సర్జన్ బాగా చూసుకున్నాడు కదా, ఆయన మాట కాదనలేక అన్న మొహమాటంతో ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు.

సంబంధం. ఇక్కడ నేను దారులు చెప్పి ఊరుకోలేను, నా అభిప్రాయం చెప్తాను. నిశ్చితార్థానికి ముందే చెప్పాలి. పౌచ్ అయిపోతే దాచొచ్చని మీ అమ్మ అనుకుంటోంది. కడుపు మీద గీతలు ఎక్కడికి పోతాయి? రోజుకు ఆరుసార్లు బాత్రూమ్, ఎప్పుడైనా యాంటీబయాటిక్స్, పిల్లలకు ఆలస్యమైతే అత్తగారింట్లో ప్రశ్నలు. ఇవన్నీ ఒంటరిగా మోస్తూ కాపురం చేయగలవా? చెప్తే సంబంధం చెడిపోవచ్చు, నిజమే. చెప్పకుండా చేసుకున్నాక చెడిపోతే పోయేది సంబంధం ఒక్కటే కాదు. ఊరంతా చెప్పక్కర్లేదు, మేనమామ ద్వారా కబురు కూడా వద్దు. ఆ అబ్బాయితోనే నువ్వు మాట్లాడు, పక్కన మీ నాయన ఉంటే ఉండనీ. "నాకు పేగు జబ్బు ఉండేది, ఆపరేషన్ అయ్యింది, ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నాను, కడుపు మీద సంచి ఉంది, డాక్టర్‌తో మాట్లాడాలంటే నంబరు ఇస్తాను" అంటే చాలు. అతను అడిగే మొదటి ప్రశ్నతో నీకు చాలా తెలిసిపోతుంది. వాళ్ల నుంచి ఏ జవాబు వచ్చినా, ఆపరేషన్ తేదీ దాన్ని బట్టి పెట్టుకోకు.

మీ అవ్వ అడిగిన ప్రశ్నకు నీకు జవాబు రాలేదన్నావు. నీ ఉత్తరంలో ఆ జవాబు సగం ఉందని నాకనిపించింది. ఆరేళ్లలో మొదటిసారి బాత్రూమ్ వెతకకుండా బస్సెక్కానన్న ఆ వాక్యం దగ్గర నీ అక్షరాలు పెద్దవయ్యాయి. ఆ సుఖాన్ని ఇంకొన్నాళ్లు అనుభవించాలనిపిస్తే, అది సంచికి లొంగిపోవడం కాదు. పౌచ్ కావాలనిపిస్తే, అది అమ్మ కోసం కాకుండా నీ కోసం అనిపించే రోజున మొదలుపెట్టు.

ఈలోగా ఎండలకు జాగ్రత్త. మనూళ్లలో నలభై దాటితే ఇలియోస్టమీ ఉన్నవాళ్లకు, అంటే నీలాగా చిన్నపేగును కడుపు మీదకు తెచ్చినవాళ్లకు, ఒంట్లో ఉప్పు తొందరగా పడిపోతుంది. ఉత్త నీళ్లు బిందెలు తాగితే సంచిలోకి ఇంకా ఎక్కువ పోతుంది. ఓఆర్ఎస్ గానీ, ఉప్పు వేసిన మజ్జిగ గానీ కొద్దికొద్దిగా తాగు. బుడ్డలు తినాలనిపిస్తే ఊరుబిండి చేసుకుని తిను, గింజలు నమలకుండా మింగితే స్టోమా, అంటే పేగు బయటికి వచ్చిన చోట అడ్డుపడతాయి. సంచి ఊడిపోకుండా, అంటించే ముందు చర్మం పూర్తిగా ఆరనిచ్చి, పట్టీని అరచేతితో రెండు నిమిషాలు ఒత్తిపట్టు, వెచ్చదనానికి గట్టిగా అతుక్కుంటుంది. కాళ్లు లాగడం, తల తిరగడం, మూత్రం తగ్గడం జరిగితే అనంతపురంలోనే దగ్గరి ఆస్పత్రికి వెళ్లి సెలైన్ పెట్టించుకో. బెంగళూరు దాకా ఆగకు.

పౌచ్‌కు, పెళ్లికి, పరిశోధనకు ఎంత సమయం కావాలన్నా తీసుకో. ఒక్కటి మాత్రం వాయిదా వేయకు. లోపల మిగిలిన పురీషనాళాన్ని స్కోప్‌తో చూసి ఎన్నాళ్లయిందో నీ ఉత్తరంలో లేదు. ఈ నెలలోనే ఫోన్ చేసి దానికి అపాయింట్‌మెంట్ తీసుకో. అదే రోజు తెలుగు కాగితం కూడా అడిగి తెచ్చుకో. మీ నాయనను వెంట తీసుకెళ్లు. ప్రశ్నలు ఆయన చేతే రాయించు.